తొడ విరగ్గొట్టిన భీముడు వీరుడేనా?

కోనసీమ పాఠకురాలు, అమలాపురం:
మా ఊరి తీర్థంలో ఈసారి దుర్యోధనుడి పతనాన్ని నాటకంగా ఆడాలని నిర్ణయించి, సంభాషణలు సరిచూసే పనిని నాకు అప్పగించారు. గదాయుద్ధంలో నాభికి దిగువన కొట్టకూడదన్నది నియమం. అయినా కృష్ణుడి మాట విని అర్జునుడు తొడ చరిచి సైగ చేయగా, భీముడు దుర్యోధనుడి తొడలు విరగ్గొట్టాడు. ద్రౌపదికి తొడ చూపినవాడి తొడ విరుస్తానని నిండు సభలో ప్రతిజ్ఞ చేశాడు కాబట్టి ఇందులో దోషం లేదని మా బృందంలోని పెద్దలు అంటున్నారు. ప్రతిజ్ఞ ఉంటే యుద్ధనియమం రద్దయిపోతుందా? అలాగైతే పాంచాలురను చంపుతానని మాట ఇచ్చి, నిద్రలో ఉన్నవారిని నరికిన అశ్వత్థామను ఏమనాలి?

గౌతమీ తీరం, రాజమహేంద్రవరం:
అమ్మా, ఆ నియమాలు ఎక్కడి నుంచి వచ్చాయో ముందు చూడాలి. రథికుడు రథికుడితోనే పోరాడాలని, ఆయుధం జారినవాడినీ వెన్ను చూపినవాడినీ సారథులనూ శంఖాలు ఊదేవారినీ కొట్టకూడదని యుద్ధానికి ముందు ఇరుపక్షాలూ కలిసి ఒప్పుకున్నట్లు భీష్మపర్వంలో ఉంది. పదమూడో రోజున అభిమన్యుణ్ణి అనేకులు చుట్టుముట్టి, విల్లు విరిచి, రథం పోగొట్టి చంపినప్పుడే ఆ ఒప్పందం చెడింది. అందుకే రథచక్రం నేలలో కూరుకుపోయి కర్ణుడు ధర్మాన్ని గుర్తు చేసినప్పుడు, నిండు సభకు ద్రౌపదిని ఈడ్చిన నాడూ అభిమన్యుణ్ణి చంపిన నాడూ ఆ ధర్మం ఎక్కడికి పోయిందని కృష్ణుడు నిలదీశాడు. అయితే ఒక్కటి గమనించండి. ఆ జవాబులో అర్జునుడు చేయబోయేది ధర్మమన్న వాదన కన్నా, ధర్మం గురించి అడిగే అర్హత కర్ణుడికి లేదన్న ఆక్షేపణే బలంగా వినిపిస్తుంది. భీముడి పక్షాన మీ పెద్దలు చెప్పగలిగేది కూడా అంతవరకే.

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, తణుకు:
గౌతమీ తీరం గారితో సగమే ఏకీభవిస్తాను. ఎదుటివాడు తప్పాడు కాబట్టి నేనూ తప్పుతానంటే, మొదట తప్పింది ఎవరన్న లెక్కే మిగులుతుంది, వీరత్వం ఊసే ఉండదు. భారతం ఈ ఘట్టాన్ని అంత సులువుగా వదిలిపెట్టలేదు. నలభై రెండు రోజుల తీర్థయాత్ర ముగించుకొని వచ్చిన బలరాముడు, తన శిష్యులిద్దరి పోరు చూస్తూ కూర్చుని, ఆ దెబ్బ పడగానే నాగలి ఎత్తి భీముడి మీదికి లేచాడు. కృష్ణుడు పట్టుకొని ఆపి ప్రతిజ్ఞ మాట ఎత్తినా ఆయన మనసు మారలేదు. భీముడు కపట యోధుడన్న పేరు మోస్తాడని చెప్పి ద్వారకకు వెళ్లిపోయాడు. అంటే ప్రతిజ్ఞ అన్న సమాధానాన్ని కథలోనే ఒక పెద్దమనిషి విని, కాదన్నాడు.

నా దృష్టిలో అసలు పరీక్ష తొడ దగ్గర లేదు. పడిపోయినవాడి తలను భీముడు కాలితో తన్నాడు. తల మీద కాలు పెడతానని కూడా సభలో అన్నమాట నిజమే గానీ, ఆ ప్రతిజ్ఞ ఇక్కడ అడ్డం రాలేదు. అక్కడ మందలించినవాడు ధర్మరాజు, అంటే సొంత అన్న. మన పద్యనాటకాలవారు చప్పట్లు పోతాయన్న భయంతో కాబోలు, తరచుగా దీన్ని దాటవేస్తారు. మీరు మాత్రం తీసేయకండి.

అశ్వత్థామ సంగతి వేరు. భీముడు ఎదురుగా గద పట్టినవాడితో, పగటి వెలుగులో, అందరూ చూస్తుండగా నియమం తప్పాడు. అశ్వత్థామ ఎదిరించే వీలే లేనివారిని చంపాడు, అదీ మేనమామ కృపాచార్యుడు వద్దని వారించిన తరువాత.

లంక గాలి, ముమ్మిడివరం:
దుర్యోధనుడి వైపు న్యాయం కూడా చెప్పాలి కదండీ. మాలో ఒక్కణ్ణి గెలిస్తే రాజ్యం నీదేనని ధర్మరాజు పందెం కాస్తే, నకులుణ్ణో సహదేవుణ్ణో కోరుకోకుండా, మీలో ఎవరు వచ్చినా సరే గదతో పోరాడతానన్నాడు. అంత తెగువ ఉన్నవాడు సభలో ఆ పని ఎందుకు చేశాడో! ఇంకొక మాట. మాట నిలబెట్టుకోవడమే మీకు కావలసిన విషయమైతే మన చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి గయోపాఖ్యానం ఉండనే ఉంది. గయుడికి అభయం ఇచ్చినందుకు అర్జునుడు సాక్షాత్తు కృష్ణుడితోనే యుద్ధానికి నిలబడ్డాడు. వ్యాసభారతంలో లేని కథే అయినా, జనం చూస్తారు.

కోనసీమ పాఠకురాలు:
అందరికీ కృతజ్ఞతలు. గయోపాఖ్యానం వచ్చే ఏడాదికి అడుగుతాను. ధర్మరాజు మందలింపును ఉంచుతున్నాను. బలరాముడి మాటలు నిడివిలో భీముడి పద్యాలను మించిపోతున్నాయని భీముడి వేషధారి ఇప్పటికే అలిగారు. తణుకు మాస్టారూ, కోపం తగ్గకుండా వాటిని కుదించే ఉపాయం ఏదైనా ఉంటే చెప్పగలరా?