వంజంగి మేఘాలు చూడాలి, అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఎలా ప్లాన్ చేయమంటారు?

కొత్తబాటసారి:
డిసెంబరు రెండో వారంలో వైజాగ్ వస్తున్నాం, చేతిలో మూడు రోజులున్నాయి. పాడేరు దగ్గరి వంజంగి కొండ ఎక్కి, తెల్లవారుజామున కింద లోయలో పరుచుకునే మేఘాలు చూడకుండా తిరిగి రాకూడదని నా పట్టు, కానీ అమ్మ ఎక్కువ నడవలేదు. రాత్రి పాడేరులో ఉండాలా, లేక వైజాగ్ నుంచి తెల్లవారుజామున బయల్దేరితే సరిపోతుందా?

మన్యంగాలి:
పాడేరులోనే పడుకోండి మాస్టారూ. వైజాగ్ నుంచి వంద కిలోమీటర్ల పైమాటే, పైగా ఘాట్ రోడ్డు, చీకట్లో పొగమంచు దిగిందంటే లైటు వేసినా ముందు రోడ్డు కనబడదు. ఒక ఆదివారం మేం రాత్రి రెండింటికి బయల్దేరి, దారిలో మోదకొండమ్మ పాదాల దగ్గర ఆగి దండం పెట్టుకుని, అంతా బాగానే ఉందనుకుంటే వంజంగి కింద కార్లు ఇరుక్కుపోయి ఉన్నాయి. పైకెక్కేసరికి ఎండ వచ్చేసింది, లోయ ఖాళీ. ఫొటోల్లో మా మొహాలు చూడాలి! శని, ఆదివారాలు మాత్రం వద్దు.

చివర్లో కొండ ఎక్కాల్సిందే, రాళ్ళదారి. అమ్మగారికి కష్టం.

చలిమంట:
మేఘాలు రోజూ ఉంటాయనుకోకండి. రాత్రి ఆకాశం తేటగా ఉండి గాలి లేకపోతే లోయలో గాలి బాగా చల్లబడి మంచు అడుగున పేరుకుంటుంది, పైన ఉన్న వెచ్చటి గాలి దానికి మూతలా పనిచేస్తుంది. మనం పైనుంచి చూసే పాలసముద్రం అదే. ఎండ తగిలాక ఎంతోసేపు నిలవదు. అందుకే పడుకునే ముందు ఒకసారి బయటికొచ్చి చూడండి, చుక్కలు బాగా కనబడుతూ ఆకు కదలకుండా ఉంటే అలారం పెట్టుకోవచ్చు. గాలి వీస్తుంటే హాయిగా నిద్రపోండి. నా మాట వింటే వరసగా రెండు తెల్లవారుజాములు చేతిలో ఉంచుకోండి.

రైలుకిటికీ:
అమ్మగారిని అసలు కొండలెక్కించడం ఎందుకండీ? పొద్దున్నే వైజాగ్‌లో కిరండూల్ రైలెక్కి అరకులో దిగండి. కొండల్ని తొలిచిన సొరంగాలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి, దారిలో సిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తులో ఉంటుంది. తిరుగు ప్రయాణం కారులో రండి, గాలికొండ వ్యూపాయింట్ రోడ్డు పక్కనే, కారు దిగి నిలబడితే చాలు. అనంతగిరి కాఫీ తోటలూ ఆ దారిలోనే. మా అత్తగారు వంజంగి రానని గాలికొండ దగ్గరే కూర్చున్నారు, అందరికంటే ఆవిడే సంతోషంగా ఉంది.

కొత్తబాటసారి:
లంబసింగిలో మంచు కురుస్తుందంటున్నారు, నిజమేనా?

చలిమంట:
కాశ్మీరులోలా మంచు పడదండీ. పొగమంచు, బాగా చలి పడిన రోజుల్లో గడ్డి మీద తెల్లటి పొడిలా గడ్డకట్టిన మంచు, అంతే. ఆ ఊరికి కొర్రబయలు అనే పేరు కూడా ఉంది, బయట పడుకుంటే కొర్రలా, అంటే కర్రలా బిగుసుకుపోతారని. మేఘాలు కావాలంటే అక్కడికి దగ్గర్లోని చెరువులవేనం వెళ్ళండి. స్వెట్టరొకటి చాల్లే అనుకోకండి, చెవులకి గుడ్డ ముఖ్యం.

భీమిలిపిల్ల:
ఏజెన్సీ, అంటే ఆ మన్యం కొండల గురించే అందరూ చెప్తున్నారు, సముద్రం కనబడే కొండలు మర్చిపోయారా? భీమిలి రోడ్డులో తొట్లకొండ పైదాకా కారు వెళ్తుంది, పాత బౌద్ధ ఆరామం, ఎదురుగా సముద్రం. భీమిలిలో పావురాలకొండ ఇంకా ప్రశాంతంగా ఉంటుంది, అక్కణ్ణుంచి గోస్తని సముద్రంలో కలిసే చోటు కనబడుతుంది. సాయంత్రాలు ఇటు పెట్టుకోండి. ఇంకోటి, తిన్న కవర్లు కొండ మీద వదలకండి ప్లీజ్. మొన్న వంజంగి వెళ్తే మేఘాలు లేవు, చిప్స్ ప్యాకెట్లు మాత్రం ఎటు చూస్తే అటు ఉన్నాయి.

కొత్తబాటసారి:
సరే, మొదటి సాయంత్రం తొట్లకొండ, తర్వాత పాడేరులో రెండు రాత్రులు, వారం మధ్యలోనే. వంజంగి నేనూ తమ్ముడూ ఎక్కుతాం. వచ్చేటప్పుడు అరకు మీదుగా దిగుతూ అమ్మని గాలికొండ దగ్గర కూర్చోబెడతా. ఇంతకీ పాడేరులో రూము అప్పటికప్పుడు దొరుకుతుందా?

మన్యంగాలి:
డిసెంబరులోనా! ఇప్పుడే ఫోన్ చేయండి.