టెక్సాస్‌లో సిటీ బయట ఇల్లు: ఫైర్ స్టేషన్ పన్ను కోసం పిటిషన్ తెచ్చారు, సంతకం పెట్టాలా?

రెండెకరాల_ఇల్లు:
అందరికీ నమస్కారం. డాలస్‌కి ఉత్తరాన, ఏ సిటీ కిందికీ రాని చోట రెండెకరాల స్థలంలో ఇల్లు కొనుక్కుని మూడేళ్లయింది. పోయిన శనివారం వెనకింటి పెద్దాయన పిటిషన్ పట్టుకుని వచ్చాడు. మా ప్రాంతానికి ఎమర్జెన్సీ సర్వీసెస్ డిస్ట్రిక్ట్ కావాలట, అంటే ఫైర్, అంబులెన్స్ కోసం విడిగా పన్ను వేసే సంస్థ, సంతకం పెట్టమన్నాడు. మాకు ఫైర్ ఇంజన్ తెచ్చేది జీతం లేని వాలంటీర్లని ఆయన చెప్పేదాకా నాకు తెలియదు. ఒకాయన ప్లంబర్, ఒకావిడ స్కూల్ బస్సు నడుపుతుంది. పేజర్ మోగితే చేతిలో పని వదిలేసి పరుగెత్తుతారట.

పన్ను ఇంటి విలువలో ప్రతి 100 డాలర్లకి 10 సెంట్లు మించకూడదని చట్టం. మా ఇల్లు 4,50,000. మినహాయింపులు పక్కన పెడితే ఏడాదికి 450 డాలర్ల దాకా అవుతుంది. స్కూల్ టాక్స్‌కే నడుం విరుగుతోంది. మా వాట్సాప్ గ్రూపులో అందరూ వద్దంటున్నారు. మా ఆవిడ మాత్రం పెట్టమంటోంది. నాన్నకి స్టెంట్ వేశారు, వేసవిలో ఇక్కడికి వస్తున్నారు. అదొక టెన్షన్.

ఊళ్లో 108కి ఫోన్ చేస్తే పైసా అడగరు. ఇక్కడ ఇంత పన్ను కట్టాక కూడా ఇది విడిగా ఎందుకు? కౌంటీ, అంటే మన జిల్లా లాంటిది, ఎందుకు చూసుకోదు? పోయినేడే సిటిజన్‌షిప్ వచ్చింది, తెలిసి సంతకం పెడదామని అడుగుతున్నాను.

లెక్కల_మాస్టారు:
వద్దనే నా సలహా. మా దగ్గర నీళ్ల బిల్లుతో పాటు ఫైర్ డిపార్ట్‌మెంట్‌కి నెలకి 5 డాలర్లు విరాళం ఇవ్వొచ్చు, నేను ఇస్తాను. ఇష్టమున్నవాళ్లు ఇస్తారు, లేనివాళ్లు మానేస్తారు. పన్ను అలా కాదు. ఇంటి విలువ పెరిగినకొద్దీ పెరుగుతుంది. రిటైరైనవాళ్లు ఎక్కడి నుంచి తెస్తారు? ఆ డిస్ట్రిక్ట్ నడిపే బోర్డుని అడిగేవాళ్లెవరు?

నల్లరేగడి:
నేను ఇలాంటి స్టేషన్‌లోనే ఆరేళ్లుగా వాలంటీర్‌ని. మాది గుంటూరు జిల్లా. ఇక్కడి నల్లమట్టి చూస్తే మా పత్తి చేలే గుర్తొస్తాయి. పగలు ఐటీ ఉద్యోగం, నడుముకి పేజర్.

ముందు మీరడిగినదానికి. టెక్సాస్ చట్టం కౌంటీకి ఫైర్ సర్వీసు నడిపే అధికారం ఇచ్చింది గానీ, నడిపి తీరాలని చెప్పలేదు. అందుకే సిటీ గీత దాటగానే చాలాచోట్ల వాలంటీర్లే దిక్కు. 108లో ఎక్కినవాళ్లు డబ్బు కట్టరు గానీ బండికీ డీజిల్‌కీ ప్రభుత్వ ఖజానా కడుతోంది కదా. ఇక్కడ ఆ ఖజానా లేదు, దాన్నే పెట్టుకుందామని మీ పెద్దాయన అడుగుతున్నాడు.

మాస్టారు గారూ, మీ 5 డాలర్లకి నిజంగా కృతజ్ఞుణ్ణి. కానీ మా దగ్గర కూడా ఆ విరాళం ఉంది, ఇచ్చేవి ఏటా అవే ఇళ్లు. మిగతాది బ్రిస్కెట్ (పొగ మీద కాల్చిన మాంసం) భోజనాలు పెట్టి, టికెట్లు అమ్మి తెస్తాం. పోయిన వేసవిలో గడ్డి మంట ఆర్పి ఇంటికొచ్చి, ఒంటికి అంటిన పొగ వాసన వదలకముందే భోజనాల కోసం ఉల్లిపాయలు తరిగాను. ఒంటి మీద వేసుకునే ఫైర్ కోటు పదేళ్లకి పక్కన పెట్టాలి. గాలి సిలిండర్లకి ఐదేళ్లకోసారి పరీక్ష. కొత్త ఇంజన్ 5 లక్షల డాలర్ల పైమాటే. మన పల్లె రోడ్ల మీద ఇంజన్‌కి నీళ్లిచ్చే హైడ్రాంట్లు ఉండవు కాబట్టి నీళ్ల ట్యాంకర్ కూడా కావాలి. మంట దగ్గర మడత తొట్టి పరిచి అందులో నీళ్లు దించుతాం, ఇంజన్ అక్కడి నుంచి తోడుకుంటుంది, ట్యాంకర్ మళ్లీ నీళ్లకి పోతుంది. ఉల్లిపాయలు తరిగి ఇవన్నీ కొనలేం.

ఇష్టమున్నవాళ్లే కడితే ఏమవుతుందో టెనెసీలో చూశాం. ఓబయన్ కౌంటీలో సిటీ బయట ఇళ్లు ఏడాదికి 75 డాలర్లు కడితే సౌత్ ఫుల్టన్ ఇంజన్ వచ్చేది. 2010 సెప్టెంబర్‌లో ఆ ఫీజు కట్టని ఒక కుటుంబం ఇల్లు తగలబడింది. ఇంజన్ వచ్చింది, ఫీజు కట్టిన పక్కవాళ్ల పొలాన్ని కాపాడింది, ఆ ఇల్లు మాత్రం కాలిపోయింది. అలాంటి చోట గొట్టం పట్టుకుని నిలబడడం నావల్ల కాదు. అందరూ కట్టాలి, అందరింటికీ వెళ్లాలి.

మా స్టేషన్ అసలు ఇబ్బంది పగటిపూట. ఉదయం పదింటికి పేజర్ మోగితే అందరూ ముప్పై మైళ్ల అవతల ఆఫీసుల్లో ఉంటారు, ఒక్కోసారి ఇద్దరమే తేలతాం. పన్ను వస్తే చాలాచోట్ల ముందు పగలు జీతానికి మనుషుల్ని పెడతారు. అంబులెన్స్‌ది ఇంకో బాధ: పేషెంట్‌ని ఆసుపత్రికి చేర్చితేనే సాధారణంగా ఇన్సూరెన్స్ బిల్లు కడుతుంది, ఖాళీగా ఎదురుచూసిన 20 గంటలకి ఎవరూ ఇవ్వరు.

బోర్డులో ఐదుగురు ఉంటారు, చాలా కౌంటీల్లో వాళ్లని కమిషనర్స్ కోర్టే (పేరుకి కోర్టు గానీ, అది కౌంటీ పాలకమండలి) నియమిస్తుంది. మీటింగులు అందరికీ తెరిచే ఉంటాయి, ఏటా లెక్కలు కౌంటీకి చూపాలి. 65 దాటినవాళ్లకి మినహాయింపు ఇచ్చే వీలుంది, మాస్టారు గారు అక్కడికెళ్లి గట్టిగా అడగాలి. ఇంకోటి: సేల్స్ టాక్స్‌లో స్థానిక వాటా 2 శాతం మించకూడదు; మీ దగ్గర అది నిండకపోతే, ఓటర్లు ఒప్పుకుంటే అందులో కొంత డిస్ట్రిక్ట్ తీసుకోవచ్చు. హైవే పెట్రోల్ బంకులో ఆగేవాళ్లు కూడా మోస్తారు కాబట్టి ఇళ్ల మీద రేటు తగ్గించుకోవచ్చు. హియరింగ్‌లో ఇది తప్పకుండా అడగండి.

సంతకం పెట్టగానే పన్ను పడదు. 100 మంది సంతకాలు, తర్వాత హియరింగ్, తర్వాత ఎన్నిక. పన్ను పడేది అక్కడ గెలిస్తేనే.

పాలమూరు_అక్క:
తమ్ముడూ, మా మామగారి సంగతి చెప్తాను. రెండేళ్ల కింద రాత్రి భోజనం చేస్తూ కూలబడ్డారు. అంబులెన్స్ రావడానికి 27 నిమిషాలు పట్టింది, దాన్ని పక్క టౌన్ నుంచి పంపారు. అంతకు ముందే తొమ్మిదో నిమిషంలో పికప్ ట్రక్కులో ఒక వాలంటీర్ అబ్బాయి వచ్చాడు, ఫీడ్ స్టోర్‌లో పనిచేస్తాడు. చేతిలో షాక్ ఇచ్చే మిషన్. నేను ఛాతీ నొక్కుతున్నాను, నా చేతులు అయిపోయాయి, అతను అందుకున్నాడు. మామగారు ఇవాళ మునగచెట్టుకి నీళ్లు పోస్తున్నారు. ఆ మిషన్ బ్యాటరీ మార్చడానికి వాళ్లు చందాలు వసూలు చేశారని తర్వాత తెలిసి చాలా ఏడ్చాను.

ఇంటి ఇన్సూరెన్స్ కూడా చూసుకో. స్టేషన్‌కి రోడ్డు మీద ఐదు మైళ్లు దాటితే ఇన్సూరెన్స్ వాళ్లు సాధారణంగా పదో క్లాసులో, అంటే మంటల రక్షణ అన్నిటికన్నా తక్కువున్న వర్గంలో, వేస్తారు, ప్రీమియం మండిపోతుంది. దగ్గర్లో కొత్త స్టేషన్ వస్తే అక్కడ కొంత తిరిగొస్తుంది.

రెండెకరాల_ఇల్లు:
అక్కా, మీరు రాసింది మా ఆవిడకి చదివి వినిపించాను. ఇన్సూరెన్స్ కాగితం తీసి చూశాం, మాది పదో క్లాసే. సంతకం పెడుతున్నాను. హియరింగ్‌కి వెళ్లి సేల్స్ టాక్స్ గురించి, మాస్టారు గారు చెప్పిన రిటైరైనవాళ్ల గురించి రెండూ అడుగుతాను. నాన్న వచ్చేలోపు మేం చేయగలిగింది ఏమైనా ఉందా?

నల్లరేగడి:
ఉంది. గేటు దగ్గర రెండువైపులా రాత్రి మెరిసే నంబరు పెట్టండి. గేటుకి కోడ్ ఉంటే స్టేషన్‌కి ఇచ్చి రండి. డ్రైవ్‌వే మీదికి వంగిన కొమ్మలు కొట్టించండి, ట్యాంకర్ ఎత్తు ఎక్కువ. మీ నాన్నగారి మందుల చీటీ ఇంగ్లిష్‌లో రాసి ఫ్రిజ్ మీద అంటించండి.