32 బిట్ ఫ్లోట్ రికార్డర్ ఉన్నవారు లెవెల్ పట్టడం నేర్చుకోవాలా?

కొర్లగుంట కుర్రాడు:
సభ్యులందరికీ నమస్కారం. తిరుపతిలో నలుగురు మిత్రులం కలిసి మన చిత్తూరు యాసలో పొట్టి సినిమాలు తీస్తున్నాము. డబ్బింగు గదిలో మళ్ళీ చెప్పించినప్పుడు మాటలోని యాస పలచబడిపోతోందని రెండు సినిమాల తర్వాత తెలిసివచ్చి, ఈసారి లొకేషన్‌లో పట్టిన గొంతునే ఉంచాలని నిర్ణయించుకున్నాము. ఆ పని నేర్చుకునే బాధ్యత నా మీద పడింది. చేతిలో ఉన్న డబ్బుతో జూమ్ ఎఫ్3 అనే చిన్న రికార్డర్ కొన్నాను. రెండు మైకులు తగిలించుకోవచ్చు, 32 బిట్ ఫ్లోట్‌లో, అంటే గుసగుసనూ అరుపునూ తెగకుండా ఒకే ఫైలులో పట్టే పద్ధతిలో రికార్డు చేస్తుంది, గెయిన్ (మైకు శబ్దాన్ని ఎంత పెంచాలో చెప్పే అమరిక) తిప్పే మీట దానికి అసలు లేదు. కాబట్టి లెవెల్ గురించి, అంటే శబ్దం ఎంత గట్టిగా రికార్డు కావాలో సరిచూసుకోవడం గురించి, నేర్చుకుంటూ కూర్చోవడం కాలహరణమని మా కెమెరా మిత్రుడు అంటున్నాడు. నాకు పని చెబుతున్న పెద్దాయన మాత్రం గెయిన్ చేత్తో తిప్పుకోవలసిన తన పాత 24 బిట్ యంత్రాన్ని చేతికిచ్చి, మూడు నెలలు దీని మీదే నేర్చుకోవాలనీ, అప్పటిదాకా కొత్తదాన్ని పెట్టెలోంచి తీయవద్దనీ చెప్పారు. ఆయన మాట కాదనడానికి మనసొప్పడం లేదు, కానీ కారణం మాత్రం ఆయన చెప్పలేదు. అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

జాతర డప్పు:
తమ్ముడూ, పెద్దాయన మీద గౌరవం ఉంచుకునే మీ కెమెరా మిత్రుడి పక్షాన మాట్లాడతాను. గంగమ్మ జాతర రోజుల్లో తాతయ్యగుంట దగ్గర ఒక సన్నివేశం తీశాము. అమ్మాయి తన అక్క చెవిలో గుసగుసగా ఒక మాట చెప్పాలి, ఆ మాట పూర్తయ్యేలోపు వెనక వీధిలోంచి వేషగాళ్ళూ పంబలూ వచ్చి పడతాయి. అది నిజమైన జాతర కనుక రెండో టేక్ అనే మాటే లేదు. బూమ్ (మైకు తగిలించిన పొడవాటి కర్ర) పట్టింది నేనే, రికార్డర్ భుజానికి వేలాడుతోంది, మూడో చేయి దేవుడు ఇవ్వలేదు. ఇంటికొచ్చి ఫైలు తెరిస్తే డప్పు దగ్గర తరంగం పైనా కిందా కత్తిరించినట్టు కనిపించి గుండె జారింది, కానీ లెవెల్ 14 డెసిబెల్స్ దించగానే డప్పు మొత్తం చెక్కుచెదరకుండా తిరిగి వచ్చింది, గుసగుస కూడా దాని చోట అది ఉంది.

ఇందులో మాయ ఏమీ లేదు. ఇటువంటి యంత్రాల్లో ఒకే మైకు నుంచి వచ్చే శబ్దాన్ని రెండు కన్వర్టర్లు (శబ్దాన్ని అంకెలుగా మార్చేవి) చదువుతాయి, ఒకటి చిన్న శబ్దాలకూ మరొకటి పెద్ద శబ్దాలకూ సిద్ధంగా ఉంటాయి, రెండింటినీ కలిపి రాసుకునేందుకు ఫ్లోట్ ఫైలులో చోటుంటుంది. 24 బిట్ ఫైలు లెక్క ప్రకారం అతి చిన్న శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య 144 డెసిబెల్స్ వ్యాప్తిని పట్టగలిగితే, 32 బిట్ ఫ్లోట్ ఫైలు 1,500 డెసిబెల్స్ దాటిపోతుంది. అంత శబ్దం భూమి మీద ఉండదు కదా! ఒంటరిగా పనిచేసేవాడికి బూమ్ మీద దృష్టి పెట్టే వెసులుబాటు ఇచ్చే యంత్రాన్ని పెట్టెలో దాచమనడం నాకు అర్థం కాని విషయం.

బూమ్ భుజం:
జాతర డప్పు గారు చెప్పిన అనుభవం నిజమే, కానీ ఆయన మాట రికార్డర్ దగ్గరే ఆగిపోయింది. నటి నోటి నుంచి ఫైలు దాకా మాట ఒక దారి గుండా వస్తుంది: గాలి, మైకు, వైర్‌లెస్ అయితే నడుముకు కట్టిన ట్రాన్స్‌మిటర్, ఆ తర్వాత రిసీవర్, చివరికి రికార్డర్. ఫ్లోట్ కాపలా కాసేది చివరి గుమ్మాన్ని మాత్రమే. కాలర్ మైకు ట్రాన్స్‌మిటర్‌లో గెయిన్ ఎక్కువ పెట్టి ఉంటే నటి అరిచినప్పుడు గొంతు అక్కడే పగిలిపోతుంది, పగిలిన గొంతును మీ రికార్డర్ ఎంతో విశ్వాసంగా 32 బిట్లలో భద్రపరుస్తుంది. లెవెల్ 14 కాదు, 40 డెసిబెల్స్ దించినా అది పగిలిన గొంతే.

దూరం సంగతి ఇంకా ముఖ్యమైనది. ఆరుబయట మైకును నోటికి రెండడుగుల దూరం నుంచి నాలుగడుగులకు జరిపితే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పడిపోతుంది, కానీ కపిలతీర్థం దగ్గర వాన తర్వాత దూకే నీటి హోరు పడిపోదు, ఎందుకంటే అది అన్ని వైపుల నుంచీ వస్తోంది. ఇంటికెళ్ళి గొంతును పెంచితే హోరు కూడా దానితోపాటే పెరుగుతుంది. మాటకూ హోరుకూ మధ్య ఉండవలసిన తేడా లొకేషన్‌లో తయారు కావలసిందే గాని, ఎన్ని బిట్లు ఉన్నా ఎడిటింగ్ బల్ల మీద తయారు కాదు. గదిలోకి వస్తే మరో చిక్కు ఉంది. షాట్‌గన్ మైకు (పొడవాటి గొట్టం లాంటి మైకు) పక్కల నుంచి వచ్చే శబ్దాన్ని తన గొట్టపు చీలికల ద్వారా తగ్గిస్తుంది, కానీ కింది స్వరాల దగ్గర ఆ పని సరిగా చేయలేదు, పైగా సిమెంటు గోడల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనితో గొంతుకు బోలుతనం అంటుకుంటుంది. అందుకే లోపల చాలామంది ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే హైపర్ కార్డియాయిడ్ అనే పొట్టి మైకు వాడతారు. ఇవన్నీ చెవికి తెలియాలి.

పెద్దాయన పాత యంత్రం ఎందుకు ఇచ్చారో నేను ఊహించగలను. 24 బిట్ యంత్రంలో సాధారణ సంభాషణను మీటరు మీద మైనస్ 20 డెసిబెల్స్ దగ్గర (సున్నా దాటితే శబ్దం తెగిపోతుంది) నడిపిస్తూ, గట్టి మాటలు మైనస్ 10 దాటకుండా చూసుకోవాలంటే, టేక్‌కు ముందే సన్నివేశం చదవాలి, ఎక్కడ అరుస్తారో రిహార్సల్‌లో వినాలి, అరిచే ముందు నటుడు ఊపిరి ఎలా పీలుస్తాడో గమనించాలి. మీటరు ముల్లు కోసం మొదలైన ఈ అలవాటు బూమ్ ఎటు తిప్పాలో కూడా నేర్పుతుంది. మన పరిశ్రమలో 'డబ్బింగులో చూసుకుందాంలే' అనే మాట తరాల తరబడి లొకేషన్ సౌండ్‌ను ఎదగనివ్వలేదు. ఇప్పుడు 'ఫ్లోట్‌లో చూసుకుందాంలే' అన్న మాట వింటుంటే నాకు అదే గొంతు వినిపిస్తోంది.

ఎడిటింగ్ గది, చిత్తూరు:
ఇద్దరి వాదనలకూ మధ్యలో నలిగేవాళ్ళం మేము. పోయిన ఏడాది ఒక మిత్రబృందం ఫ్లోట్ ఫైళ్ళు తెచ్చి ఇచ్చింది. మా దగ్గర కొత్తగా చేరిన అబ్బాయి వాటిని ముందుగా 24 బిట్‌లోకి మార్చి, ఆ తర్వాత లెవెల్ దించాడు. సున్నా గీత పైన ఉన్నదంతా మార్చేటప్పుడే తెగిపోయింది. అసలు ఫైళ్ళు కార్డులో ఇంకా ఉండబట్టి బతికిపోయాము గాని, వాళ్ళు కార్డు చెరిపేసి ఉంటే ఆ సినిమా డబ్బింగుకే పోయేది. కాబట్టి ఫ్లోట్ వాడేవారు తమ పని తేలికైందని అనుకునే ముందు, ఆ పనిలో కొంత ఎడిటర్ నెత్తికి ఎత్తుతున్నారని గుర్తించి, ముందుగా దించి తర్వాత మార్చాలని ఒక చీటీ రాసి పంపితే పుణ్యం ఉంటుంది. ఫైలు బరువు మూడో వంతు పెరగడం పెద్ద సమస్య కాదు. నిమిషానికి ఒక ట్రాక్ 8.64 మెగాబైట్ల చోట 11.52 తీసుకుంటుంది, అంతే.

డబ్బింగు ప్రస్తావన వచ్చింది కనుక ఒక పక్కమాట. 2022లో ప్రకటించిన 68వ జాతీయ చలనచిత్ర అవార్డుల్లో లొకేషన్ సౌండ్‌కు బహుమతి పొందిన చిత్రం అసలు డబ్బింగు చేసినదని దాని సౌండ్ డిజైనరే బయటికి చెప్పారు. తీర్పరుల చెవులకే తేడా అందనప్పుడు మన కుర్రవాళ్ళు కష్టపడి నేర్చుకుంటున్నందుకు సంతోషించాలో జాలిపడాలో తెలియడం లేదు.

జాతర డప్పు:
బూమ్ భుజం గారూ, ట్రాన్స్‌మిటర్ గురించి మీరు చెప్పినది ఒప్పుకుంటున్నాను, ఆ జాతరలో నేను వాడినది వైరు మైకు కావడం వల్లనే బయటపడ్డాను. దూరం విషయంలోనూ నాకు పేచీ లేదు. కానీ డబ్బింగుతో పోల్చడం అన్యాయం. డబ్బింగు ఆ క్షణంలోని నటనను పారేసి మరొక రోజు మరొక గదిలో దానికి నకలు తయారు చేస్తుంది. ఫ్లోట్ ఆ క్షణాన్నే కాపాడుతుంది. మీరు చెప్పిన గుణాలన్నీ, అంటే సన్నివేశం చదవడం, ఊపిరి గమనించడం, బూమ్ తిప్పడం, లెవెల్ భయం లేనివాడు కూడా నేర్చుకోవచ్చు. ఇంకా త్వరగా నేర్చుకోవచ్చని నా నమ్మకం, ఎందుకంటే వాడి కళ్ళు మీటరుకు అతుక్కుపోయి ఉండవు.

బూమ్ భుజం:
నేర్చుకోవచ్చు, కాదనను. కానీ తప్పు చేసినప్పుడు చెంప మీద కొట్టే యంత్రం లేకపోతే ఎంతమంది నేర్చుకుంటారు? పైగా సెట్టులో దర్శకుడు హెడ్‌ఫోన్‌లో వినేదీ, ఎడిటర్ మొదటి రోజు నుంచి కోతకు వాడుకునేదీ మనం అక్కడికక్కడ కలిపి ఇచ్చే మిక్స్ ట్రాకునే. నాలుగు మైకులున్న సన్నివేశంలో ఎవరు మాట్లాడితే వారి ఫేడర్ (ఒక్కో మైకు శబ్దాన్ని పెంచి తగ్గించే మీట) ఎత్తి మిగతావి దించే పని ఏ ఫ్లోటూ చేసిపెట్టదు. రేపు ఈ కుర్రవాడిని పెద్ద యూనిట్ పిలిస్తే మొదట అడిగేది అదే.

పుత్తూరు మైక్‌సెట్:
పెళ్ళి మండపాల్లో ఇరవై ఏళ్ళుగా మైకులు పెడుతున్నవాడిని, సినిమా పని తెలియదు. ఒక్క సంగతి మాత్రం అడుగుతాను. హెడ్‌ఫోన్‌కు వచ్చే శబ్దం అనలాగే కదా, ఫైలు బాగున్నా చెవిలో పగిలినట్టు వినిపించవచ్చు కదా, అప్పుడు పగిలింది ఫైలో చెవిలోదో ఈ అబ్బాయికి ఎలా తెలుస్తుంది?

బూమ్ భుజం:
పుత్తూరు వారూ, ఈ చర్చలో మంచి ప్రశ్న అడిగింది మీరే. హెడ్‌ఫోన్ వాల్యూమ్ తగ్గించినా పగులు పోకపోతే ముందు శబ్దం మితిమీరితే వెలిగే ట్రాన్స్‌మిటర్ ఎర్ర దీపం చూడాలి, అది వెలగకపోతే మైకునూ కేబుల్‌నూ మార్చి చూడాలి. పగిలిన గొంతు ఎలా ఉంటుందో ముందుగా తెలిసినవాడికే ఆ అనుమానం వస్తుంది.

కొర్లగుంట కుర్రాడు:
అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం చంద్రగిరి కోట వెలుపల ఒకే సన్నివేశాన్ని రెండు యంత్రాలతో నాలుగుసార్లు చొప్పున తీశాము, రెండింటికీ బూమ్ నేనే పట్టాను. పాత యంత్రంతో తీసినప్పుడు ఒక్క టేక్ కూడా పగలలేదు గాని, మీటరు చూస్తూ ఉండిపోయి రెండుసార్లు బూమ్ నీడను అన్న పాత్రధారి ముఖం మీద వేశాను. ఈ మాట జాతర డప్పు గారికి నచ్చుతుంది. ఎఫ్3తో తీసినప్పుడు నీడ పడలేదు, కానీ తమ్ముడి పాత్రధారి కాలర్ మైకు ట్రాన్స్‌మిటర్ మూడో టేక్ అంతా ఎర్రగా వెలుగుతూనే ఉందని ఇంటికొచ్చి ఫైలు విన్నాకే తెలిసింది.

పెద్దాయనకు రెండూ వినిపించాను. ఆయన యంత్రాల గురించి ఏమీ అడగలేదు. మూడో టేక్‌లో తమ్ముడు 'ఇల్లు నాది గూడా' అని అరిచే ముందు ఎందుకు ఆగాడో చెప్పమన్నారు, నేను చెప్పలేకపోయాను. నెల రోజులు పాత యంత్రంతో రిహార్సల్స్ మాత్రం రికార్డు చేయమన్నారు, షూటింగుకు ఎఫ్3 తీసుకెళ్ళవచ్చన్నారు. ఎడిటింగ్ గది వారు చెప్పిన చీటీని ఇప్పుడే రాసి కార్డు డబ్బా మూతకు అంటించాను.