మూతపడిన పాత కంపెనీ వల్ల పీఎఫ్ ఆగిపోయింది, ఇంటి డౌన్ పేమెంట్‌కు దారి చెప్పగలరు

విజయవాడ శివార్లలో 32 లక్షల ఫ్లాట్‌కు అగ్రిమెంట్ రాసుకున్నాం. 30 లక్షల లోపు గృహరుణాలకు ఇంటి విలువలో 90 శాతం వరకు ఇవ్వడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు అనుమతిస్తున్నా, నా జీతాన్ని బట్టి బ్యాంకు 25 లక్షలే మంజూరు చేసింది. మిగిలిన 7 లక్షలకు తోడు, స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం, అంటే 2.40 లక్షలు, మేమే కట్టుకోవాలి. చేతిలో 6 లక్షలున్నాయి.

కేంద్ర గృహ పథకం పీఎంఏవై (ప్రధానమంత్రి ఆవాస్ యోజన) పట్టణ 2.0 వడ్డీ రాయితీ గురించి విచారించాను. గరిష్ఠంగా 1.80 లక్షలు, అదీ ఐదు వార్షిక వాయిదాల్లో నేరుగా రుణఖాతాకే జమవుతుంది కాబట్టి, మంచి పథకమే అయినా, డౌన్ పేమెంట్‌కు అక్కరకు రాదు. పర్సనల్ లోన్ తీసుకుంటే ఆ ఈఎంఐని లెక్కలో వేసి గృహరుణం తగ్గిస్తామని బ్యాంకు ముందే చెప్పింది.

మిగిలిన ఆధారం పాత పీఎఫ్ ఖాతాలోని సుమారు 4 లక్షలు. పాత కంపెనీ నమోదు చేసిన నిష్క్రమణ తేదీ, కొత్త ఉద్యోగంలో చేరిన తేదీ కంటే 11 రోజులు తరువాత ఉండటంతో, సర్వీసు కాలాలు ఒకదానిపై ఒకటి పడుతున్నాయని, ఆ సొమ్మును ఇప్పటి పీఎఫ్ ఖాతాకు మార్చమని నేను పెట్టిన బదిలీ క్లెయిమును తిరస్కరించారు. ఆన్‌లైన్‌లో దిద్దుబాటు కోరితే ఆ అభ్యర్థన పాత యజమాని ఆమోదానికే వెళ్తోంది, ఆ కంపెనీ మూతపడింది. ప్రస్తుత కంపెనీ హెచ్ఆర్ పాత తేదీని తాము మార్చలేమన్నారు. రిలీవింగ్ లెటరు, చివరి నెల పేస్లిప్, జీతం జమైన బ్యాంకు స్టేట్‌మెంటు నా దగ్గర ఉన్నాయి.

మూతపడిన కంపెనీ విషయంలో జాయింట్ డిక్లరేషన్‌ను (ఉద్యోగి, యజమాని కలిసి సంతకం చేసే వివరాల దిద్దుబాటు పత్రాన్ని) కాగితంపై సమర్పించి నిష్క్రమణ తేదీ సరిచేయించుకున్నవారు, యజమాని సంతకానికి బదులుగా ఎవరి ధ్రువీకరణను, ఏ పత్రాలను పీఎఫ్ కార్యాలయం అంగీకరించిందో దయచేసి తెలుపగలరా?