సెయింట్ లూయిస్ 1870 జనాభాకు ఏ అంకె వాడాలి?

మేం అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఉంటాం. ఇక్కడి తెలుగు పిల్లల ఆదివారం క్లాసు కోసం ఈ ఊరు ఎలా పెరిగిందో ఒక గ్రాఫ్ గీస్తున్నాను. 1764లో లక్లేడ్, షూటో అనే ఇద్దరు మిసిసిపి నది ఒడ్డున వేసిన బొచ్చు వ్యాపారపు స్థావరం, 1817లో తొలి స్టీమర్ రాక, 1849 అగ్నిప్రమాదం, కలరా, అన్నీ కుదిరాయి. ఒక్క 1870 దగ్గరే ఆగిపోయాను.

జనగణన లెక్కలు ఇవి: 1850లో 77,860, 1860లో 1,60,773, 1870లో 3,10,864, 1880లో 3,50,518. అంతర్యుద్ధంతో మిసిసిపి దిగువ ప్రాంతాలతో నది వ్యాపారం దెబ్బతిన్న దశాబ్దంలో జనం దాదాపు రెట్టింపయ్యారు. మిసిసిపి మీద ఈడ్స్ వంతెన 1874లో తెరిచాక, 1876లో ఊరి హద్దులు బాగా పెంచాక మాత్రం పదేళ్లలో నలభై వేలే పెరిగారు. ఇది నాకు అస్సలు మింగుడుపడలేదు. 1870 లెక్క షికాగోను (2,98,977) దాటడానికి పెంచి రాసిందని చాలామంది చరిత్రకారుల అనుమానం కూడా.

నేను రెండు రకాలుగా సరిచేసి చూశాను. 1860, 1880లకు సగటు తీస్తే దాదాపు 2,55,600 వచ్చింది. ఏటా ఒకే శాతం పెరిగిందనుకుంటే 2,37,400. రెంటి మధ్య 18 వేల తేడా! పైగా 1880 లెక్క కొత్త హద్దులది కాబట్టి రెండూ ఎక్కువే అయ్యుండొచ్చు. పిల్లలకు తప్పు చెప్పాలని లేదు.

పాత హద్దుల ప్రకారం 1870 జనాభాకు చరిత్రకారులు నమ్మే సవరించిన అంచనా ఏదైనా మీకు తెలుసా?