మేరీ కోమ్ 2019లో నిఖత్ జరీన్‌తో మళ్లీ తలపడకుండా తప్పించుకున్నారా?

ప్రశ్న

2019 మే నెలలో గువాహటిలో జరిగిన ఇండియా ఓపెన్‌లో, 51 కిలోల విభాగం సెమీఫైనల్లో మేరీ కోమ్ మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌ను 4-1 తేడాతో (అయిదుగురు జడ్జీల్లో నలుగురి తీర్పుతో) ఓడించారు. ఆ తర్వాత ఆగస్టులో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు జట్టును ఎంపిక చేసే ట్రయల్స్ జరిగాయి. అక్కడ వీరిద్దరూ మళ్లీ ఎదురుపడతారని చాలామంది ఆశించారు. అయితే నిఖత్ ఆడవలసిన ట్రయల్ బౌట్‌ను ఆపివేసి, మేరీని నేరుగా జట్టులోకి తీసుకున్నారు. అక్టోబరులో ఒలింపిక్ అర్హత పోటీల విషయంలోనూ అదే జరగబోతున్నట్లు కనిపించడంతో నిఖత్ అప్పటి క్రీడాశాఖ మంత్రి కిరణ్ రిజిజు గారికి బహిరంగంగా లేఖ రాశారు. మైకేల్ ఫెల్ప్స్ అంతటివాడు కూడా ప్రతి ఒలింపిక్స్‌కూ కొత్తగా అర్హత సాధించవలసి వచ్చిందని ఆ లేఖలో గుర్తుచేశారు.

మా ఇంట్లో ఈ ప్రస్తావన వచ్చినప్పుడల్లా రెండు వర్గాలుగా చీలిపోతాం. ఒకరు మేరీ భయపడ్డారంటారు. మరొకరు ఆరుసార్లు ప్రపంచ విజేతగా నిలిచిన మనిషికి భయమేమిటని కొట్టిపారేస్తారు. నాకు మేరీ గారంటే ఎంతో గౌరవం, నిఖత్ అంటే అభిమానం. ఎవరి పక్షమూ వహించకుండా, జరిగినదాన్ని బట్టి ఏమి చెప్పవచ్చో తెలిసినవారు వివరించగలరా?

మొదటి జవాబు

మీ ప్రశ్నలో ఇద్దరు బాక్సర్లే ఉన్నారు కానీ, నా దృష్టిలో ఇందులో అసలు పాత్రధారి మూడో పక్షం, అంటే భారత బాక్సింగ్ సమాఖ్య. ఆగస్టులో ట్రయల్ ఆపింది మేరీ కాదు, సెలెక్షన్ కమిటీ. ఇండియా ఓపెన్‌లోనూ, జూలైలో ఇండోనేషియాలో జరిగిన ప్రెసిడెంట్స్ కప్‌లోనూ ఆమె స్వర్ణాలు గెలిచారు కాబట్టి మళ్లీ పరీక్ష అవసరం లేదని వారు భావించారు. ఆ వాదనలో బలం లేకపోలేదు, ఎందుకంటే నిఖత్‌ను ఆమె ఓడించి అప్పటికి మూడు నెలలే అయింది. అయినా ట్రయల్స్ అని ప్రకటించి, అమ్మాయిలను పిలిపించి, బరువు చూసుకుని రింగ్‌లోకి దిగడానికి సిద్ధమైన బాక్సర్‌తో నీ బౌట్ లేదు పొమ్మనడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. ఆ బౌట్‌లో నిఖత్ ప్రత్యర్థి మేరీ కాదని, వన్లాల్ దువాతీ అనే మరో బాక్సర్ అని కూడా చాలామందికి తెలియదు. అంటే నిఖత్‌కు దక్కకుండా పోయింది మేరీతో పోరు ఒక్కటే కాదు, ఆ పోరుదాకా వెళ్లే దారి కూడా.

ఇక అక్టోబరు సంగతి మరింత తీవ్రమైనది. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో స్వర్ణం గానీ రజతం గానీ గెలిచిన మహిళా బాక్సర్లకే ఒలింపిక్ అర్హత పోటీలకు నేరుగా అవకాశం ఉంటుందని సమాఖ్య ముందే చెప్పింది. రష్యాలోని ఉలాన్ ఉదేలో మేరీ సెమీఫైనల్లో టర్కీకి చెందిన బూసే నాజ్ చకిరోగ్లు చేతిలో ఓడి కాంస్యంతో తిరిగివచ్చారు. అది ఆమెకు ఎనిమిదో ప్రపంచ పతకం, ఆ వయసులో అసామాన్యమైన ఘనత. కానీ సమాఖ్య సొంత నియమం ప్రకారమే ఆమె ట్రయల్ ఆడాలి. అయినప్పటికీ ఆమెనే పంపాలనుకుంటున్నట్లు సమాఖ్య అధ్యక్షుడు సంకేతాలిచ్చారు. నిఖత్ లేఖ రాసింది ఇందుకే. ఆమె ప్రత్యేకమైన మేలేదీ అడగలేదు, రాసిపెట్టుకున్న నియమాన్ని పాటించమని అడిగింది, అంతే.

రెండో జవాబు

మేరీ గారు ట్రయల్స్ అంటే తప్పించుకునే మనిషే అయితే 2014 సంగతి ఏమనాలి? గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల ట్రయల్స్‌లో ఆమె పింకీ జాంగ్రా చేతిలో ఓడిపోయి ఆ క్రీడలకే దూరమయ్యారు. అప్పటికే ఆమె చేతిలో లండన్ ఒలింపిక్ కాంస్యం ఉంది, అయిదు ప్రపంచ స్వర్ణాలు ఉన్నాయి. అదే ఏడాది ఇంచియాన్ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచి చూపించారు. 2019లో కూడా, సమాఖ్య ఏది నిర్ణయిస్తే దానికి తాను సిద్ధమనే ఆమె చెబుతూ వచ్చారు. చివరికి డిసెంబరులో ట్రయల్ పెట్టగానే వచ్చారు, వరుసగా రెండు రోజులు రెండు బౌట్లు ఆడి రెండూ గెలిచారు, రెండోది నిఖత్ మీద 9-1 తేడాతో. ఇంతకుమించి ఆమె ఏమి చేయాలి?

ప్రశ్న అడిగినవారు

రెండో జవాబు ఇచ్చినవారికి ధన్యవాదాలు. పింకీ జాంగ్రా విషయం నాకు గుర్తులేదు. అయితే ఒక సందేహం మిగిలిపోయింది. డిసెంబరులో అంత తేడాతో గెలవగలిగినవారు, నాకు మినహాయింపు వద్దు, ట్రయల్ పెట్టండి అని ఆగస్టులోనే ఒక్క మాట అని ఉంటే ఈ వివాదమే ఉండేది కాదు కదా. పైగా బౌట్ ముగిశాక నిఖత్‌తో చేయి కలపకుండా వెళ్లిపోవడం నన్ను చాలా బాధపెట్టింది.

మూడో జవాబు

నేను కొంతకాలం జిల్లా స్థాయి బాక్సింగ్ పోటీల నిర్వహణలో పాలుపంచుకున్నాను. ఆ అనుభవంతో, ఛాంపియన్ వైపు నుంచి ఈ విషయం ఎలా కనిపిస్తుందో చెప్పే ప్రయత్నం చేస్తాను.

అమెచ్యూర్ బౌట్ అంటే మూడు నిమిషాల చొప్పున మూడు రౌండ్లు. తొమ్మిది నిమిషాల్లో ఒక రౌండ్ చేజారితే దాన్ని తిరిగి సంపాదించుకునే వ్యవధి దాదాపు ఉండదు. వృత్తిపరమైన బాక్సింగ్‌లో పన్నెండు రౌండ్లలో అనుభవం నెమ్మదిగా పనిచేస్తుంది, ఇక్కడ ఒక చెడ్డరోజు చాలు. దానికితోడు మేరీ శరీరానికి సహజమైన బరువు 48 కిలోల దగ్గరది. 2018లో ఢిల్లీలో ఆరో ప్రపంచ స్వర్ణం గెలిచింది కూడా ఆ విభాగంలోనే. ఒలింపిక్స్‌లో ఆ విభాగం లేదు కనుక 51కి వచ్చి, తనకంటే పొడవైనవారితో తలపడవలసి వచ్చింది. నిఖత్ ఆమెకంటే పదమూడేళ్లు చిన్నది. ఇలాంటి ట్రయల్‌లో గెలిస్తే ఛాంపియన్‌కు కొత్తగా ఒరిగేదేమీ లేదు, ఓడితే టోక్యో ఒలింపిక్స్ కల అక్కడితో ముగుస్తుంది. అడగకుండానే వచ్చిన మినహాయింపును వద్దనడానికి చాలా పెద్ద మనసు కావాలి. మేరీ వద్దనలేదు. దీన్ని నేను భయం అనను, కానీ ఆ మౌనం వల్ల ఆమె లాభపడ్డారన్నది మాత్రం కాదనలేం.

డిసెంబరు 28న ఢిల్లీ ఇందిరాగాంధీ స్టేడియంలో జరిగిన బౌట్ విషయానికి వస్తే, అది చూడచక్కని బాక్సింగ్ కాదు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని వేలాడటం, రిఫరీ విడదీయడం పదేపదే జరిగింది. అలాంటి బౌట్‌లో జడ్జీలు చూసేది ఎవరు ఎక్కువగా ముందుకు దూకారని కాదు, పిడికిలి ముందుభాగం ఎవరిది స్పష్టంగా తగిలిందని. మేరీ దూరం కొలుచుకుని, నిఖత్ లోపలికి వచ్చే క్షణంలో కొట్టి పక్కకు తప్పుకున్నారు. నిఖత్ తొందరపడి క్లించ్‌లో, అంటే ఆ పట్టుకుని వేలాడటంలో, చిక్కుకుపోయింది. 9-1 ఫలితాన్ని అక్కడే ఉన్న తెలంగాణ సంఘం ప్రతినిధులు తీవ్రంగా నిరసించారు. తేడా అంత ఉండకూడదని నాకూ అనిపించింది గానీ, విజేత ఎవరన్నదానిలో నాకు అనుమానం లేదు.

చేయి కలపకపోవడం గురించి మీరు బాధపడటం సమంజసమే. బయట అన్ని మాటలు పడ్డాక మేరీకి కోపం రావడం మానవ సహజం, అయినా రింగ్ మర్యాద కోపానికి అతీతమైనది. ఆ రోజు చిన్నవారు చేయి చాచారు, పెద్దవారు అందుకోలేదు.

నాలుగో జవాబు

తర్వాతి సంవత్సరాలను చూపించి 2019ని తీర్పు చెప్పేవారితో నేను ఏకీభవించను. 2022 మేలో ఇస్తాంబుల్‌లో థాయిలాండ్‌కు చెందిన జుతామస్‌ను 5-0తో ఓడించి నిఖత్ ప్రపంచ విజేత అయినప్పుడు, చూశారా, అప్పుడే ఈమెను పంపి ఉండవలసింది అని మనలో చాలామంది అన్నారు. కానీ 2021లో ఇస్తాంబుల్‌లోనే బోస్ఫరస్ టోర్నమెంట్‌లో నిఖత్ చకిరోగ్లు చేతిలో ఓడింది. మేరీని ఉలాన్ ఉదేలో ఓడించినదీ ఆ చకిరోగ్లునే. టోక్యోలో రజతం గెలిచిన అదే బాక్సర్‌ను 2022 ఫిబ్రవరిలో బల్గేరియాలో జరిగిన స్ట్రాంజా టోర్నీలో నిఖత్ ఓడించింది. అంటే 2019 నిఖత్ వేరు, 2022 నిఖత్ వేరు. మధ్యలో ఆ అమ్మాయి ఎంత శ్రమపడిందో ఈ మూడు ఫలితాలే చెబుతాయి. మేరీ టోక్యోలో ప్రీక్వార్టర్స్‌లో కొలంబియాకు చెందిన ఇంగ్రిత్ వాలెన్సియాతో 3-2 తేడాతో ఓడిపోయిన మాట నిజమే, కానీ 2019లో అదే వాలెన్సియాను మేరీ 5-0తో గెలిచారు. డిసెంబరు ట్రయల్ నాటికి మేరీయే మెరుగైన ఎంపిక అని నా నమ్మకం.

అందుకే నా ఫిర్యాదు డిసెంబరు మీద కాదు, ఆగస్టు మీద. గువాహటిలో 4-1 అంటే ఒక జడ్జి నిఖత్ గెలిచిందన్నట్టు. అంత దగ్గరి పోరు తర్వాత రెండో బౌట్ ఇవ్వకపోవడం వల్ల, ఓడిపోయే అవకాశమే ఎక్కువ ఉన్న అమ్మాయికి కనీసం ఓడిపోయే హక్కు కూడా లేకుండా పోయింది. ఆ నిర్ణయం సమాఖ్యది, దాన్ని మార్చమని అడగగల స్థాయి మాత్రం ఆ రోజు దేశంలో ఒక్క మేరీ కోమ్‌కే ఉంది. 2022 జూన్‌లో కామన్వెల్త్ ట్రయల్స్‌లో మేరీ 48 కిలోల విభాగంలో ఆడుతూ మోకాలి గాయంతో తప్పుకున్నారు, అప్పటికి నిఖత్ 50 కిలోల విభాగంలో ఉంది. మూడో బౌట్ ఇక జరగలేదు.