పువ్వు పుట్టగానే పరిమళిస్తుందా?

మొన్న అమరకోశం తిరగేస్తూ 'పరిమళం' దగ్గర ఆగిపోయాను. "విమర్దోత్థే పరిమళో గంధే జనమనోహరే" అని ఉంది. విమర్దం అంటే నలపడం, రాపిడి. అంటే నలిపితే పుట్టే ఇంపైన వాసనే పరిమళం. దూరం దాకా పాకే వాసనకు ఆ వెంటనే 'ఆమోదం' అని వేరే మాట ఉంది. మరి అప్పుడే పుట్టిన పువ్వుది పరిమళం ఎలా అయింది? తెలిసినవాళ్లు చెప్పండి.

— సామెతను ఇలా కోస్తే ఎలా మాస్టారూ! తెలుగులో పరిమళం ఎప్పుడో మామూలు సువాసన అయిపోయింది. అర్థవ్యాప్తి, అంతే. శాస్త్రమే కావాలంటే, మల్లెమొగ్గకు పొద్దున వాసనెక్కడిది? సాయంత్రం విచ్చుకోవాల్సిందే.

— అర్థవ్యాప్తి సరేనండీ, నన్ను పట్టేసింది ఆ 'ఉత్థ' అన్న మాట, అంటే 'అప్పుడు పుట్టిన' అని. నేను బోటనీ చెబుతాను. మరువం ఆకును నలిపితే వాసన వస్తుంది, కానీ అది అప్పుడు పుట్టినది కాదు. ఆకు మీది సన్నటి గ్రంథుల్లో నూనె ముందే ఉంటుంది, నలిపితే అవి పగులుతాయి. నిజంగా 'విమర్దోత్థం' అంటే కూమరిన్. టొంకా గింజల్లో, స్వీట్ క్లోవర్ అనే పశుగ్రాసంలో ఉండే తియ్యటి ఎండుగడ్డి వాసన అదే. మనం బిర్యానీలో వేసే మందపాటి చెక్కలోనూ ఉంటుంది, సిలోన్ చెక్కలో మాత్రం చాలా తక్కువ.

క్లోవర్ సంగతే చూడండి. ఫినైల్ అలనిన్ అనే అమైనో ఆమ్లం నుంచి మొక్క సిన్నమిక్ ఆమ్లం చేస్తుంది. దానికి ఆక్సిజన్ చేర్చి, గ్లూకోజు తగిలించి, కణంలోని రిక్తిక అనే సంచిలో దాస్తుంది. గ్లూకోజు అంటుకుని ఉన్నంతసేపూ వాసన లేదు. వెలుతురు తగిలితే అణువు మెలి తిరుగుతుంది. ఆకు నలిగినా, కోసి ఎండేసినా, కణాలు చితికి వేరేచోట ఉన్న ఎంజైము దాన్ని చేరుతుంది, గ్లూకోజును తెంచేస్తుంది. ముందే మెలి తిరిగి ఉంది కాబట్టి మిగిలిన ముక్క తనంతట తానే ఉంగరంలా ముడుచుకుంటుంది. అదే కూమరిన్!

— కూమరిన్ ఏ భాష మాట మేడమ్?

— దక్షిణ అమెరికాలో టొంకా చెట్టుకు అక్కడివాళ్లు పెట్టుకున్న పేరు, ఫ్రెంచి మీదుగా వచ్చింది. ఆ గింజల నుంచి 1820లో వేరుచేశారు, 1868లో పెర్కిన్ అనే ఇంగ్లీషు రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో తయారుచేశాడు. ఆ క్లోవర్ గడ్డికి బూజు పడితే మాత్రం కథ వేరు. కూమరిన్ కాస్తా డైకూమరాల్‌గా మారుతుంది, తిన్న పశువులకు రక్తం గడ్డకట్టదు. 1920ల్లో ఉత్తర అమెరికాలో మందలు అలాగే చచ్చాయి.

ఇకనుంచి క్లాసులో క్లోవర్‌ది పరిమళం, మల్లెది ఆమోదం అని చెబుతాను.

— మల్లెకు ఆమోదం అంటే, సంతకం ఎవరు పెట్టారని అడుగుతారు పిల్లలు.